సీఎంవీ ఐజీఎం పాజిటివ్ వచ్చినంత మాత్రాన గర్భం తీయించుకోవాలా?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. ఇది మీకు రెండో గర్భం, ఇప్పుడు 11వ వారం నడుస్తోంది, మూడేళ్ల బాబు ప్లేస్కూల్‌కు వెళ్తున్నాడు. పోయిన వారం చేయించిన టార్చ్ పరీక్షలో (కడుపులోని బిడ్డకు చేరగల కొన్ని ఇన్ఫెక్షన్లను వెతికే రక్తపరీక్ష ఇది) సైటోమెగలోవైరస్‌కు (సీఎంవీ) ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలు ఐజీజీ, ఐజీఎం రెండూ పాజిటివ్ అని వచ్చాయి. బిడ్డ అవకరంతో పుడుతుందనీ, నెలలు ముదరకముందే తీయించుకోవడం మంచిదనీ ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. బిడ్డకు వైరస్ సోకిందా, గర్భం ఉంచుకోవచ్చా, మందులేమైనా ఉన్నాయా, పుట్టాక పాలు పట్టవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను ఫీటల్ మెడిసిన్, అంటే కడుపులోని బిడ్డకు వైద్యం చేసే విభాగంలో వైద్యురాలిని. ఇలాంటి రిపోర్టు చేతపట్టుకుని వచ్చే దంపతులను చాలా ఏళ్లుగా చూస్తున్నాను కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ఈ ఒక్క రిపోర్టును నమ్ముకుని గర్భం తీయించుకోకండి. ఆ కాగితం మీ రక్తంలో ఏముందో చెబుతుంది తప్ప బిడ్డకు వైరస్ చేరిందో లేదో చెప్పదు. ఐజీఎం పాజిటివ్ వచ్చిన గర్భిణుల్లో చాలామందికి ఆ సమయంలో కొత్తగా సోకిన ఇన్ఫెక్షనే ఉండదు. మీరు వెంటనే చేయవలసినది సీఎంవీ ఐజీజీ ఎవిడిటీ అనే రక్తపరీక్ష. దాని ఫలితం వచ్చాక మిగతా దారి చాలావరకు స్పష్టమవుతుంది.

ముందుగా ఈ వైరస్ గురించి కొంత. సైటోమెగలోవైరస్ హెర్పిస్ కుటుంబానికి చెందినది. ఆటలమ్మను కలిగించే వైరస్ కూడా ఆ కుటుంబంలోదే. ఒకసారి ఒంట్లోకి వచ్చాక ఇది జీవితాంతం నిద్రాణంగా ఉండిపోతుంది, అప్పుడప్పుడు మేల్కొంటుంది. లాలాజలం, మూత్రం, కన్నీరు, చనుబాలు, వీర్యం, రక్తం ద్వారా ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. ఆరోగ్యవంతులలో చాలామందికి సోకిన సంగతే తెలియదు. కొందరికి కొద్దిరోజులు జ్వరం, నీరసం, మెడ దగ్గర బిళ్లలు కనిపించి తగ్గిపోతాయి. మన దేశంలో పిల్లలు కనే వయసుకు వచ్చేసరికి ఆడవారిలో నూటికి 90 మందికి పైగా ఈ ఇన్ఫెక్షన్ చిన్నతనంలోనే వచ్చి పోయి ఉంటుంది. ఐజీజీ చెప్పేది ఇన్ఫెక్షన్ ఎప్పుడో ఒకప్పుడు వచ్చిందని మాత్రమే, అందువల్ల అది పాజిటివ్ రావడం ఇక్కడ వింత కాదు, రాకపోతేనే వింత. ఐజీజీ మాత్రమే పాజిటివ్ వచ్చినవారికి కూడా నెలల తరబడి మాత్రలు వాడించి, అది నెగెటివ్ అయిందో లేదో చూడటానికి మళ్లీ మళ్లీ రక్తం తీయించడం ఇప్పటికీ నా కంటపడుతూనే ఉంది. ఐజీజీ ఒకసారి వచ్చాక పోదు, పోనవసరమూ లేదు. ఆ డబ్బుతో ఒక మంచి స్కానింగ్ చేయించుకోవచ్చు.

ఇక మిమ్మల్ని భయపెట్టిన ఐజీఎం. కొత్తగా ఇన్ఫెక్షన్ సోకినప్పుడు ఐజీఎం మొదట కనిపించే మాట నిజమే. కానీ కొందరిలో అది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా రక్తంలో నిలిచి ఉంటుంది. నిద్రాణంగా ఉన్న పాత వైరస్ మేల్కొన్నప్పుడూ రావచ్చు. వేరే వైరస్ సోకినప్పుడు గానీ, కీళ్లవాతంలో కనిపించే రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే ప్రతిరక్షకం ఉన్నవారిలో గానీ అసలు సీఎంవీతో సంబంధం లేకుండానే పాజిటివ్ అని చూపవచ్చు. మీ రిపోర్టులో అంకె హద్దును కొద్దిగా మాత్రమే దాటిందని రాశారు. అటువంటి అంకెల మీద నేను ఏ నిర్ణయమూ తీసుకోను.

ఎవిడిటీ పరీక్ష తేల్చేది ఇన్ఫెక్షన్ వయసు. కొత్తగా తయారైన ఐజీజీ ప్రతిరక్షకాలు వైరస్‌ను వదులుగా పట్టుకుంటాయి. వారాలు గడిచేకొద్దీ ఆ పట్టు బిగుస్తుంది. పట్టు గట్టిగా ఉందని, అంటే హై ఎవిడిటీ అని వస్తే, ఇన్ఫెక్షన్ వచ్చి కనీసం మూడు నెలలు దాటిందని అర్థం. మీరు 11వ వారంలో ఉన్నారు కనుక ఇప్పుడు హై ఎవిడిటీ వస్తే వైరస్ గర్భం రాకముందో, మరీ ఆలస్యమైతే గర్భం నిలిచిన రోజుల్లోనో సోకినట్టు లెక్క. ఈ పరీక్షను ఈ వారంలోనే చేయించండి. ఐదో నెలలో చేయించి హై ఎవిడిటీ వచ్చినా ఇన్ఫెక్షన్ గర్భానికి ముందుదో, మొదటి మూడు నెలల్లోదో తేల్చలేము, అప్పుడు ఆ కాగితం పెద్దగా పనికిరాదు. ఎవిడిటీ చేసే సౌకర్యం అన్ని ల్యాబుల్లో ఉండదు, చిన్న ఊళ్లలో తీసిన రక్తాన్ని పెద్ద ల్యాబుకు పంపుతారు. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది.

దీనితో పాటు ఖర్చు లేని పని ఒకటి చెబుతాను. మొదటి కాన్పు నాటి ఫైలు బీరువాలోనో, పుట్టింట్లోనో ఉంటే తీసి చూడండి. అప్పట్లో టార్చ్ చేయించి, సీఎంవీ ఐజీజీ పాజిటివ్ అని వచ్చి ఉంటే మీకు ఈ వైరస్ పాత పరిచయమే, ఇప్పుడు తొలిసారి సోకినది కాదు. అప్పుడు నెగెటివ్ వచ్చి ఇప్పుడు పాజిటివ్ అయితే మధ్యలో ఎప్పుడో సోకిందన్నమాట, అప్పుడు ఎవిడిటీ మరింత ముఖ్యమవుతుంది. గర్భం తీయించుకోవడానికి తేదీ కూడా తీసుకుని, చివరి నిమిషంలో రెండో అభిప్రాయం కోసం నా దగ్గరకు వచ్చిన ఒక జంట విషయంలో ఇలాంటి పాత కాగితమే దాదాపు అంతా తేల్చేసింది. ఎవిడిటీ కూడా ఎక్కువగానే వచ్చింది. ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తోంది.

సరే, ఎవిడిటీ తక్కువగా వచ్చిందనుకుందాం. తొలిసారి ఇన్ఫెక్షన్ నిజంగానే మొదటి మూడు నెలల్లో వచ్చిందని తేలిందనుకుందాం. అప్పుడు కూడా బిడ్డకు తప్పనిసరిగా అవకరం వస్తుందని కాదు. అలాంటి 100 మంది తల్లులను తీసుకుంటే, మందులేవీ వాడకపోయినా వైరస్ మాయను దాటి బిడ్డను చేరేది సుమారు 30 మందిలో. ఆ 30 మంది బిడ్డల్లో వినికిడి లోపం గానీ, మెదడుకు సంబంధించిన సమస్య గానీ శాశ్వతంగా మిగిలేది దాదాపు మూడో వంతు మందికి. అంటే 100 మందిలో పది మంది చొప్పున. ఇది చిన్న సంఖ్య అని నేను అనడం లేదు, ఆ పది కుటుంబాలకు అది చాలా పెద్ద కష్టం. కానీ ‘బిడ్డ తప్పక అవకరంతో పుడుతుంది’ అన్న మాటకూ దీనికీ చాలా దూరం ఉంది. నెలలు నిండేకొద్దీ వైరస్ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది, చివరి మూడు నెలల్లో సోకితే సగం మందికి పైగా బిడ్డలకు చేరుతుంది. అయితే అప్పటికి అవయవాలు ఏర్పడి ఉంటాయి కనుక తీవ్రమైన హాని అరుదు. మెదడు రూపుదిద్దుకునే తొలి వారాల్లో చేరినప్పుడే ఈ వైరస్ ఎక్కువ నష్టం చేస్తుంది.

పాత ఇన్ఫెక్షన్ ఉన్న తల్లి నుంచి బిడ్డకు చేరే అవకాశం వీటన్నిటికంటే బాగా తక్కువ, ఒక శాతం చుట్టుపక్కల ఉంటుంది. అది సున్నా కాదు. వైరస్ మేల్కోవచ్చు, లేదా అదే వైరస్‌లో మరో రకం కొత్తగా సోకవచ్చు. మన దేశంలో దాదాపు తల్లులందరూ ఐజీజీ పాజిటివే కనుక, ఇక్కడ సీఎంవీతో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది ఇలాంటి తల్లుల బిడ్డలే. ‘ఐజీజీ ఉంది కదా, ఇక రక్షణే’ అని పూర్తిగా నిశ్చింతగా ఉండమని అందుకే నేను చెప్పను. ఆ విషయం కింద మళ్లీ వస్తుంది.

మందుల సంగతి. 2020లో లాన్సెట్ పత్రికలో ఇజ్రాయెల్ వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చింది. గర్భం దాల్చే రోజుల్లో గానీ, మొదటి మూడు నెలల్లో గానీ తొలిసారి ఇన్ఫెక్షన్ వచ్చిన తల్లులకు వైరస్‌ను అణిచే వాలాసైక్లోవిర్ అనే మందును రోజుకు 8 గ్రాములు ఇచ్చారు. మందు వాడినవారిలో బిడ్డకు వైరస్ చేరినది 11 శాతం, ఉత్తుత్తి మాత్రలు వాడినవారిలో 30 శాతం. మొదటి మూడు నెలల్లో సోకినవారిని మాత్రమే చూస్తే తేడా ఇంకా ఎక్కువ, 11 శాతానికి 48 శాతం. అప్పటి నుంచి నిర్ధారణ అయిన కేసుల్లో ఈ మందును వాడుతున్నాము. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు, ఉమ్మనీరు పరీక్ష జరిగేదాకా కొనసాగిస్తాము. అయితే 8 గ్రాములంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు 16. ఆ మోతాదులో కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. అందుకే రోజంతటికీ విభజించి, నీళ్లు బాగా తాగిస్తూ, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్షలు చేస్తూ మాత్రమే ఇస్తాము. ఇది చదివి మందుల షాపులో కొని వేసుకోవద్దు. ఇన్ఫెక్షన్ కొత్తదని తేలకుండా వాడటంలో అర్థం కూడా లేదు. సీఎంవీ ప్రతిరక్షకాలుండే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ల గురించి కొందరు అడుగుతారు. వాటిని పకడ్బందీగా పరీక్షించిన రెండు పెద్ద అధ్యయనాలు, 2014లో ఒకటి, 2021లో ఒకటి, స్పష్టమైన ప్రయోజనం చూపలేకపోయాయి. ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. నేను రాయను.

బిడ్డకు వైరస్ చేరిందా అన్న ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పగలిగేది ఉమ్మనీరు పరీక్ష ఒక్కటే. బిడ్డ మూత్రపిండాల్లో పెరిగిన వైరస్ మూత్రంతో పాటు ఉమ్మనీటిలోకి వస్తుంది, దాన్ని వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షతో పట్టుకుంటాము. దానికి సమయం పడుతుంది: తల్లికి సోకి ఆరు నుంచి ఎనిమిది వారాలు గడవాలి, బిడ్డ మూత్రపిండాలు బాగా పనిచేసే వయసుకు రావాలి. సాధారణంగా 20, 21 వారాల దగ్గర చేస్తాము. సూది పరీక్ష అనగానే గర్భం పోతుందేమోనని భయపడతారు; చేయి తిరిగినవారు చేస్తే ఆ ప్రమాదం నూటికి ఒకటి కంటే తక్కువే. నెగెటివ్ వస్తే బిడ్డకు తీవ్రమైన హాని ఉండే అవకాశం బాగా తగ్గిపోయినట్టే. పాజిటివ్ వస్తే బిడ్డకు వైరస్ చేరిందని అర్థం, బిడ్డ దెబ్బతిన్నదని కాదు. ఆ రెండో సంగతి తేల్చవలసినవి స్కానింగులు.

స్కానింగులో మేము వెతికేవి: మెదడులోని నీటి గదులు పెద్దవి కావడం, వాటి అంచున సున్నపు మచ్చలు, తల చుట్టుకొలత తగ్గడం, పేగులు ఎముకంత తెల్లగా కనిపించడం, కాలేయం, ప్లీహం పెరగడం, మాయ మందం కావడం, బిడ్డ ఎదుగుదల మందగించడం. బిడ్డ అవయవాలన్నిటినీ చూసే ఐదో నెల టిఫా స్కాన్‌లో కొన్ని కనిపిస్తాయి, కొన్ని ఆ తరువాతే బయటపడతాయి. అందుకే వైరస్ చేరినట్టు తేలిన బిడ్డకు రెండు, మూడు వారాలకొకసారి స్కాన్ చేస్తాము, 30 వారాలు దాటాక మెదడుకు ఎంఆర్‌ఐ కూడా చేయిస్తాము. రెండూ సవ్యంగా ఉంటే మెదడుకు పెద్ద దెబ్బ తగిలి ఉండే అవకాశం చాలా తక్కువ. మిగిలే ముఖ్యమైన ప్రమాదం వినికిడి లోపం, దాన్ని ఏ స్కానూ చూపలేదు.

గర్భం గురించి నిర్ణయం తీసుకోవలసిన ఘట్టం వస్తే అది ఇక్కడ, ఈ పరీక్షలన్నీ చేతికొచ్చాక వస్తుంది, 11వ వారంలో కాదు. 2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయంతో, చట్టం పేర్కొన్న కొన్ని పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో గర్భం తీయవచ్చు; శిశువులో తీవ్రమైన అవకరం ఉంటే ఆ తరువాత కూడా మెడికల్ బోర్డు అనుమతించవచ్చు. అంటే తొందరపడకపోతే దారి మూసుకుపోతుందన్న భయం అక్కరలేదు. టిఫాలో మెదడు గదులు బాగా ఉబ్బి, సున్నపు మచ్చలు కనిపించి, ఉమ్మనీటిలో వైరస్ దొరికిన కేసులు నేను చూశాను. అలాంటి తల్లిదండ్రుల్లో కొందరు ఆపేయాలనుకున్నారు, కొందరు కొనసాగించారు. ఎవరి నిర్ణయాన్నీ నేను తప్పు పట్టను. వారి ముందు మాత్రం బిడ్డను గురించిన సాక్ష్యం ఉంది, తల్లి రక్తంలోని ఒక అంకె కాదు.

ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు కనుక ఈ జాగ్రత్తలు ఈరోజు నుంచే మొదలుపెట్టండి. గర్భిణులకు ఈ వైరస్ ఎక్కువగా చేరేది చిన్నపిల్లల నుంచే. ఒకసారి సోకిన పసివాడి ఉమ్మిలో, మూత్రంలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి వైరస్ వస్తూనే ఉంటుంది, వాడు మాత్రం హుషారుగా తిరుగుతుంటాడు. మన ఇళ్లలో బాబు వదిలేసిన చివరి ముద్ద అమ్మ నోట్లోకే వెళ్తుంది, పాలు వేడిగా ఉన్నాయేమోనని వాడి చెంచాతోనే రుచి చూస్తుంది, వాడు కొరికిచ్చిన బిస్కెట్టు కాదనలేక తింటుంది. ఈ కాన్పు అయ్యేదాకా వాడి ఎంగిలి తినకండి, వాడి గ్లాసు, చెంచా, టూత్‌బ్రష్ వేరుగా ఉంచండి. పెదవుల మీద కాక నుదుటి మీదో, తల మీదో ముద్దు పెట్టుకోండి. డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక, బొమ్మలు సర్దాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంతకు మించి అవసరం లేదు. బాబును అమ్మమ్మగారింటికి పంపేయడం, దగ్గరకు రానివ్వకపోవడం వంటివి అక్కరలేదు. అంగన్‌వాడీ టీచర్లు, పిల్లల వార్డుల్లో నర్సులు ఉద్యోగం మానాలా అని అడుగుతుంటారు. మానక్కరలేదు, చేతులు కడుక్కునే అలవాటు కచ్చితంగా ఉంటే చాలు. ఐజీజీ పాజిటివ్ అయినా ఈ జాగ్రత్తలు పాటించమంటాను, కొత్త రకం వైరస్ సోకే అవకాశం ఉందని పైన చెప్పాను కదా.

ఇక కాన్పు తరువాతి సంగతి. అందరూ తొమ్మిది నెలలూ భయపడి, బిడ్డ బొద్దుగా పుట్టగానే మరచిపోయే భాగం ఇదే కనుక దీన్ని శ్రద్ధగా చదవండి. సీఎంవీతో పుట్టిన పిల్లల్లో పుట్టినప్పుడే లక్షణాలు కనిపించేది నూటికి 10 నుంచి 15 మందిలో: బరువు తక్కువ, కామెర్లు, ఒంటి మీద ఎర్రటి చుక్కలు, చిన్న తల. మిగతావారు చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటారు, కానీ వారిలోనూ నూటికి 10 నుంచి 15 మందికి తరువాత సమస్యలు రావచ్చు, ముఖ్యంగా వినికిడి తగ్గవచ్చు. పుట్టుకతో వచ్చే చెవుడుకు జన్యు లోపాలు కాక మరే కారణం అని అడిగితే మొదట చెప్పవలసినది ఈ వైరస్‌నే.

మీ ఎవిడిటీ తక్కువ వచ్చినా, సందేహంగా మిగిలినా, బిడ్డ పుట్టిన 21 రోజుల లోపు మూత్రానికి సీఎంవీ పీసీఆర్ చేయించమని పిల్లల వైద్యునికి ముందుగానే చెప్పండి. ఆ గడువు దాటితే వైరస్ కడుపులో ఉండగా వచ్చిందో, పుట్టాక పాల ద్వారా వచ్చిందో తేల్చడం కష్టం. బిడ్డ రక్తంలో ఐజీఎం చూస్తే సరిపోతుందని కొన్నిచోట్ల అంటారు, సరిపోదు, అది చాలామందిని పట్టుకోలేదు. లక్షణాలు గట్టిగా ఉన్న బిడ్డకు మొదటి నెలలోనే వాల్‌గాన్‌సైక్లోవిర్ సిరప్ మొదలుపెట్టి ఆరు నెలలు ఇస్తారు. తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు కనుక తరచూ రక్తపరీక్షలు అవసరం. లక్షణాలేవీ లేని బిడ్డకు ఈ మందు ఇవ్వడం మామూలుగా జరగదు.

పుట్టినప్పుడు చెవి పరీక్షలో పాస్ అయితే సరిపోయిందనుకోవద్దు. ఈ వైరస్ వల్ల వచ్చే వినికిడి లోపం నెలల తరువాత, ఏళ్ల తరువాత కూడా మొదలుకావచ్చు, ఒక చెవితో మొదలై రెండో చెవికి రావచ్చు. నాకు తెలిసిన ఒక బాబు పుట్టినప్పుడు పరీక్ష పాస్ అయ్యాడు. రెండేళ్లు దాటినా మాటలు రాకపోతే ఇంట్లోవాళ్లు ‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి, మగపిల్లలకు అంతే’ అని ఊరుకున్నారు. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష చేసే వేళకు రెండు చెవులూ బాగా దెబ్బతిని ఉన్నాయి. చెవి లోపల అమర్చే వినికిడి పరికరం, అంటే కాక్లియర్ ఇంప్లాంట్ తరువాత వాడు మాట్లాడుతున్నాడు, కానీ ఏడాది ముందే గుర్తించి ఉంటే స్పీచ్ థెరపీ అంత సాగేది కాదు. సీఎంవీ ఉందని తేలిన బిడ్డకు మొదటి మూడు, నాలుగేళ్లూ ఆరు నెలలకొకసారి, ఆ తరువాత బడికి వెళ్లే వయసు వరకు ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చేయించాలి. కంటి పరీక్ష కూడా ఉండాలి. ఇంప్లాంట్ ఖరీదైనదే, అయితే ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకాల ద్వారా చిన్నపిల్లలకు చేయించే వీలుంది. వాటికి వయోపరిమితి ఉంటుంది కనుక ఆలస్యం అక్కడ కూడా నష్టమే.

ఇదివరకు గర్భస్రావాలు అయినవారు కూడా ఇది చదువుతారు కనుక ఒక మాట: వరుసగా గర్భం పోవడానికి కారణం వెతికేటప్పుడు టార్చ్ పరీక్ష వల్ల ఉపయోగం లేదు. ఐజీజీ పాజిటివ్ చూపించి ‘దీనివల్లే పోయింది’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అసలు కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది.

చివరగా పాల సంగతి. మీకు నెలలు నిండి కాన్పు అయితే నిస్సందేహంగా పాలు పట్టండి. చనుబాలలో వైరస్ వచ్చే మాట నిజమే, కానీ నెలలు నిండిన బిడ్డకు దానివల్ల హాని జరగదు, తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు కాపాడతాయి. 32 వారాల లోపు గానీ, ఒకటిన్నర కిలో లోపు బరువుతో గానీ పుట్టిన బిడ్డ విషయం వేరు. అప్పుడు కూడా పాలు మానమని కాదు, ఎలా ఇవ్వాలన్నది ఎన్‌ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) వైద్యులు చెబుతారు. ఎవిడిటీ ఫలితం రాగానే దాని అంకె, పాత ఫైలులో ఏముందో, ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనుక నీటి పొరను కొలిచే స్కాన్) రిపోర్టు మూడూ కలిపి ఇక్కడే రాయండి, తరువాత ఏం చేయాలో చెబుతాను.